రెండోసారి చూడని సినిమా

నా భార్య పాట మానేసింది ఆ సినిమా వల్లనే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా ఊళ్లో సినిమా వేసింది ఒక సోమవారం. మంగళవారం నుంచి ఆమె పాడలేదు. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఆరేళ్లలో ఒక్క చరణం ఆమె నోట్లోంచి రాలేదు. మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్ల కింద చనిపోయింది. ఆమె పేరు రామసుబ్బమ్మ.

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. రాయడం వచ్చు. రాసే అలవాటు లేదు. ఇది ఒకసారి రాసి పెడితే, వచ్చి అడిగేవాళ్లకు కాగితం చూపించి పంపవచ్చని రాస్తున్నాను. సినిమా పేరు మాత్రం రాయను.

తీసినామె పేరు ఉమాదేవి. అనంతపురం నుంచి వచ్చింది. కెమెరా మోసే అతను ఒకడు వెంట ఉన్నాడు. అది మే నెల. కుందుర్పి చుట్టుపక్కల మూడేళ్లుగా సరైన వాన లేదు. వాళ్లను మా ఇంటికి తీసుకొచ్చింది శివప్ప. ఆయన చేను, నా చేను పక్కపక్కనే. ఊళ్లోకి ఎవరు కొత్తగా వచ్చినా ముందు శివప్పకే తెలుస్తుంది. "బయ్యన్నా, వీల్లు కరువు మీద సినిమా తీస్తారంట. విత్తనం వొలిచేది చూపించల్లంట. నీ ఇంట్లో వొలుస్తాండారు కదా" అన్నాడు. సరే అన్నాను. తొమ్మిది రోజులు ఉన్నారు. తొమ్మిది రోజులూ శివప్ప వైర్లు మోస్తూ, వాళ్లకు నీళ్లు అందిస్తూ మా వాకిట్లోనే ఉన్నాడు. ఇది గుర్తు పెట్టుకోండి.

విత్తనం వొలవడం తెలియని వాళ్లకు చెప్పాలి. శెనక్కాయను మిషన్‌లో వేస్తే గింజ మీది ఎర్రపొర లేచిపోతుంది. పొర లేచిన గింజ మొలవదు. అందుకని విత్తనానికి చేత్తోనే వొలవాలి. ముందురోజు సాయంత్రం కాయల మీద నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పుతారు. తెల్లారి ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. బొటనవేలి గోరుతో నొక్కితే కాయ పగులుతుంది. మూడో రోజుకు గోరు కింద చర్మం లేస్తుంది. వారానికి నెత్తురు కనిపిస్తుంది. అప్పుడు గుడ్డపేలిక చుట్టుకొని వొలుస్తారు.

మా ఇంట్లో దీనికి ఒక కట్టడి ఉండేది. మా ఒక్క ఇల్లే కాదు, మా తట్టు ఇంకా కొన్ని ఇళ్లలో చూశాను. వొలిచే మనిషి నోరు ఊరికే ఉండకూడదు. ఊరికే ఉంటే గింజ నోట్లోకి పోతుంది. మాట్లాడుకుంటే చెయ్యి నిదానిస్తుంది. కాబట్టి పాడాలి. పాట నడుస్తూ ఉంటే ఎవరూ తినడం లేదని లెక్క. పాట ఆగితే తింటున్నారని లెక్క. ఇది మా అమ్మ పెట్టిన పద్ధతి. "తిన్న గింజ మొలవదు" అనేది. వాకిట్లో నులకమంచం వేసుకొని కూర్చొని వినేది. కూలివాళ్లకే కాదు, కోడలికీ అదే. "కోడలు తింటే కూలోల్లు తినరా?" అనేది. రామసుబ్బమ్మ ఈ ఇంటికి వచ్చిన ఏడాదే పాట మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లు ఆమెకు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ పాడింది. మా అమ్మ చనిపోయాక మంచం నాకు వచ్చింది. సినిమావాళ్లు వచ్చేనాటికి మా అమ్మ పోయి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ రామసుబ్బమ్మ పాడుతూనే ఉంది. అత్త లేదు, కట్టడి చేసేవాళ్లు లేరు. అయినా పాడిందంటే ఇష్టపడి పాడినట్టే కదా. నా వాదన అప్పుడూ ఇదే.

సినిమా గొప్పదే. అబద్ధం చెప్పను. తర్వాతి ఏడాది ఎండాకాలం ముగింపులో తెచ్చి మా బడిలో వేశారు. కిటికీలకు దుప్పట్లు, గోడకు తెల్లగుడ్డ కట్టి, పగలే. ఊరు సగం వచ్చింది. అందులో సంగీతం లేదు, చెప్పేవాళ్ల గొంతు లేదు. రామసుబ్బమ్మ తూముగడ్డ బోరు నుంచి ఇంటికి నెత్తిన బిందె, చంకన బిందెతో నడిచి రావడం ఉంది. ఎక్కడా కత్తిరించలేదు. మొత్తం నడక చూపించారు. పదకొండు నిమిషాలు. నాలుగో నిమిషానికి జనం దగ్గడం మొదలుపెట్టారు. ముందువరుసలో ఎవరో "ఇంగ ఎంతదూరమప్పా" అన్నారు. మా ఇంట్లో కూలికి వచ్చే సుంకమ్మ వెనక నుంచి, "దినామూ అంతే దూరము. నువ్వు చూసేది ఈపొద్దేనా?" అంది. కొందరు నవ్వారు. కాసేపటికి ఆ నవ్వూ పోయింది. తర్వాత ఆమె అన్నం తినడం ఉంది. పొయ్యి దగ్గర నిలబడి, సంగటి అంటిన గిన్నెను వేలితో గీరి. నేను రోజూ ఆ ఇంట్లోనే తిన్నాను. ఆమె తినడం నేను చూసింది ఆ గుడ్డ మీదనే.

ఆ తర్వాత పాట వచ్చింది. ఆమె ఎప్పుడూ పాడేదే. కొత్తకోడలు పుట్టింటికి పోయే దారిలో ఒక్కొక్క ఊరూ చెప్పుకుంటూ పోయే పాట. రామసుబ్బమ్మ తన దారిలోని ఊళ్ల పేర్లు అందులో కలిపింది. "కుందుర్పి కొండెక్కి చూస్తే మాయమ్మ ఇల్లు కనపడదు" అనే చోటికి వచ్చింది. ఉమాదేవి కనిపించకుండా అడిగింది. "ఎంత బాగా పాడతావమ్మా. ఎవరు నేర్పించినారు?" రామసుబ్బమ్మ చేయి ఆపలేదు. "నేర్పేదేముంది మేడం. నోరు ఊరికే ఉంటే విత్తనం తింటామని పాడేది. పాట నిలిస్తే తింటాండామని లెక్క" అంది. "ఎవరి లెక్క?" అని ఉమాదేవి అడిగింది. రామసుబ్బమ్మ మాట్లాడలేదు. చేయి కూడా ఆగింది. అంతలో ఎక్కడో పక్క నుంచి ఒక మగగొంతు వచ్చింది. సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు. "ఏమే, పాట నిలిచింది?" అంది. రామసుబ్బమ్మ పాటను "కనపడదు" అన్న చోటి నుంచి వెంటనే అందుకుంది.

బడిలో ఉన్న జనమంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చనిపోయిన మా అమ్మను నలుగురిలో పెట్టి తిట్టినట్టయింది, అందుకే చూస్తున్నారని అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. నా ఇంట్లో, నా వాకిట్లో, నా భార్యను ఏమే అని పిలిచే ధైర్యం ఎవరికి ఉంది? తొమ్మిది రోజులు అక్కడ ఉన్న మగవాళ్లు ఇద్దరు. కెమెరా అతను తమిళుడు, తెలుగు రాదు. రెండోవాడు శివప్ప.

సినిమా అయ్యాక అందరూ బయటికి వచ్చి ఒకటే మాట. గొప్ప సినిమా. ఇంకోసారి మాత్రం చూడలేము. దేశంలో ఎక్కడ వేసినా జనం ఇదే మాట అంటారని ఉమాదేవి చెప్పింది. మెచ్చుకుంటారంట, బహుమతులు ఇస్తారంట, మళ్లీ చూడమంటే మాత్రం వద్దని చేతులు ఊపుతారంట. ఆ మాట ఆమె గర్వంగా చెప్పిందో బాధగా చెప్పిందో నాకు తెలియలేదు. బడి మేడం కండ్లు తుడుచుకుంటూ రామసుబ్బమ్మ చేయి పట్టుకుంది. "అక్కా, మనసు పిండేసినారు. ఇంగొకసారి చూసే శక్తి నాకు లేదు" అంది. రామసుబ్బమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. "చూసేటోల్లకు ఒకసారి సాలు లేమ్మా" అంది. అంతే. కొంగు సరిచేసుకొని ఇంటికి నడిచింది. మధ్యాహ్నం సంగటి ఇంకా చేయలేదు.

నేను శివప్ప దగ్గరికి పోయాను. చింతచెట్టు కింద టీ అంగడిలో ఉన్నాడు. ముందే చెప్తున్నాను, నేను మాటలు దాచుకునే మనిషిని కాదు.

"నా పెండ్లాన్ని ఏమే అనేదానికి నువ్వెవరప్పా?" అన్నాను.

"నేనా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు కాక? సినిమాలో వినపడలేదనుకుంటివా?"

శివప్ప నన్ను చూశాడు. నవ్వబోయాడు. నవ్వలేదు. "బయ్యన్నా, ఆ సినిమా ఇంగొకసారి చూడు పో" అన్నాడు.

"ఎందుకు చూడల్ల?"

"ఊరికే. చూసినాక వచ్చి తిట్టు. కూర్చొని తిట్టించుకుంటా."

తప్పు చేసినవాడి పొగరు అది అనుకున్నాను. ఆయన బండి నా చేను అంచు మీదుగా తన చేనికి పోయేది. మరుసటి రోజే ఆ దోవకు అడ్డం ముళ్లకంప నాటాను. అప్పటి నుంచి శివప్ప మైలున్నర చుట్టు తిరిగి పోయాడు. ఎనిమిదేళ్లు. పంచాయితీకి రాలేదు. కంప తీయలేదు. దాన్ని కూడా తప్పు ఒప్పుకున్నట్టే లెక్క కట్టాను.

మంగళవారం పొద్దున రామసుబ్బమ్మ విత్తనం ముందు కూర్చుంది. సుంకమ్మ, ఇంకో ఇద్దరు పక్కన ఉన్నారు. ఎవరి నోరూ లేవలేదు. కాయలు పగిలే చప్పుడు తప్ప వాకిట్లో ఏమీ లేదు. నేను మంచం మీది నుంచి అడిగాను, ఎప్పటిలాగే. రామసుబ్బమ్మ తల ఎత్తింది. గంపలోంచి ఒక గింజ తీసింది. పొట్టు ఊదింది. నోట్లో వేసుకుంది. నన్నే చూస్తూ నిదానంగా నమిలి మింగింది. మళ్లీ తల వంచి వొలిచింది. కోపం లేదు ఆమె ముఖంలో. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది. సుంకమ్మ చేతిలో కాయ అట్లే పట్టుకొని చూసింది. ఆ రోజు రామసుబ్బమ్మ ఇంకొకటి తినలేదు. మరుసటి రోజు మళ్లీ ఒకటి. విత్తనం అయిపోయేదాకా రోజుకు ఒకటి, నా కళ్లముందే. ఒక్క గింజ తింటే నాకు పోయేదేమీ లేదు. పోయిందేదో పోయింది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా వినిపించిన చప్పుడు ఆగిపోయింది. ఆమె లేనప్పుడు ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు ఆమె బతికుండగానే తెలిసింది.

సినిమా ఆమె మనసు విరిచిందని అనుకున్నాను. పట్నపు ఆడమనిషి వచ్చి లేనిపోనివి అడిగి, ఆమెలో లేని బాధ పెట్టిపోయిందని అనుకున్నాను. ఇదే మాట మా బిడ్డ హేమతో అన్నాను. హేమ అనంతపురంలో నర్సు. "అట్లనా నాయనా" అంది. అమ్మాకూతుళ్లకు ఇద్దరికీ ఈ గుణం ఉంది. చెప్పాల్సింది చెప్పరు.

రామసుబ్బమ్మ నన్ను ఏదైనా అడిగింది తక్కువ. ఒక్కటే మూడుసార్లు అడిగింది. మొదటిసారి కళ్యాణదుర్గంలో ఆ సినిమా వేస్తున్నారని తెలిసినప్పుడు. గుగ్గిళ్లకు శెనగలు కడుగుతూ అడిగింది.

"ఇద్దరమూ పోదాము. బస్సు ఉండాది."

"దేనికి? చూసినాము కదా" అన్నాను.

"ఇంగొకసారి."

"దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. నీకేమొచ్చె?"

"నాకు చూడల్లని లే" అంది. "నువ్వు చూడల్ల. చూసి శివప్పను తిట్టుదువు."

ఆ పేరు ఎత్తినందుకు నేను అన్నది ఇక్కడ రాయను. రాయడానికి తగిన మాట కాదు. ఆమె శెనగలు కడగడం ముగించి నీళ్లు వంపేసింది. రెండోసారి, రెండేళ్ల తర్వాత, కంప నాటిన దోవ దగ్గర నిలబడి అడిగింది. శివప్ప బండి దూరంగా చుట్టు తిరిగి పోవడం చూస్తూ. నేను చేనులోకి దిగిపోయాను. మూడోసారి ఆస్పత్రిలో. నాలుగో రోజుకు చనిపోతుందని అప్పటికి మాకు తెలియదు. కాళ్లు వాచి ఉన్నాయి, నోరు ఎండిపోయింది, నీళ్లు కొలిచి ఇస్తున్నారు. "పాపా, నీ ఫోన్లో ఉండాది కదా. నాయనకు చూపించు" అంది. హేమ ఫోను తీసింది. నేను బన్ను తెస్తానని చెప్పి బయటికి పోయాను. గేటు దగ్గర గంట నిలబడ్డాను. బన్ను తేలేదు. నేను తిరిగి వచ్చేసరికి హేమ ఫోను దాచేసింది. రామసుబ్బమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆమె నన్ను ఏమీ అడగలేదు.

ఆమె ఫొటోలు మా ఇంట్లో రెండు ఉన్నాయి. ఒకటి రేషన్ కార్డుది. ఇంకొకటి హేమ పెళ్లిది, అందులో ఆమె ముఖం సగం ఎవరిదో భుజం వెనక ఉంది. కదిలే మనిషిగా, మాట్లాడే మనిషిగా ఆమె మిగిలింది ఆ సినిమాలోనే. ఈ సంగతి నాకు సంవత్సరీకం నాడు తట్టింది. పిండం పెట్టి కాకి కోసం చూస్తూ కూర్చున్నప్పుడు ఆమె గొంతు గుర్తుచేసుకోవాలని చూశాను. రాలేదు. పాట మాటలు వచ్చాయి. గొంతు రాలేదు. అయినా సినిమా చూడాలని అనుకోలేదు. నేను ఒకసారి వద్దన్నది వద్దే.

పోయిన నెల ఉమాదేవి ఫోన్ చేసింది. అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో వేస్తున్నారంట. "మీరు వచ్చి రెండు మాటలు మాట్లాడాల బయ్యన్నా. ఆమె గురించి" అంది. వస్తానన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. నేను పోయింది ఆమె గురించి మాట్లాడటానికి కాదు. మా అమ్మ అప్పటికి బతికి లేదని, కట్టడి చేసేవాళ్లు లేరని, నా భార్య ఇష్టంతోనే పాడిందని, మధ్యలో దూరిన ఆ గొంతు పరాయివాడిదని, ఇంత పెద్ద అబద్ధాన్ని ఎనిమిదేళ్లుగా గొప్ప సినిమా అంటున్నారని నలుగురిలో చెప్పి రావడానికి పోయాను. ఉతికిన పంచె కట్టుకున్నాను. హేమ బస్టాండుకు వచ్చి నన్ను తీసుకుపోయింది. దారిలో "నాయనా, నిజంగా చూస్తావా?" అని రెండుసార్లు అడిగింది.

చూశాను. నడక చూశాను. మొదటిసారి నేను జనం దగ్గుల మధ్య చూశాను. ఈసారి ఎవరూ దగ్గలేదు. ఏడో నిమిషంలో ఆమె చంకలో బిందె మార్చుకోవడానికి ఒక రాయి దగ్గర ఆగింది. ఆ రాయి మా చేను గట్టు రాయి. దాని వెనక వేపచెట్టు కింద ఎవరో పడుకొని ఉన్నారు. తలపాగా రంగు నాకు తెలుసు, అది మా దండెం మీదిదే. బిందె మార్చుకొని ఆమె నడిచిపోయింది. తర్వాత గిన్నె గీరడం. తర్వాత విత్తనం. గోటికి చుట్టిన గుడ్డ మా పాత లుంగీది. పాట మొదలైంది. సంవత్సరీకం నాడు రాని గొంతు గోడకున్న పెట్టెల్లోంచి వచ్చింది. నేను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాను. ఎవరి లెక్క, అని ఉమాదేవి అడిగింది. రామసుబ్బమ్మ బదులు చెప్పలేదు. కానీ తల తిప్పింది. మొదటిసారి నేను అది చూడలేదు. తల తిప్పి, తెర మీద మనకు కనపడని చోటికి, ఒక పక్కకు చూసింది. అప్పుడు ఆ గొంతు వచ్చింది. ఆమె పాట అందుకుంది.

అప్పుడు కూడా ఆ గొంతు శివప్పదనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టేసి రాస్తున్నాను.

లైట్లు వేశారు. పిల్లలు కళ్లు తుడుచుకుంటున్నారు. మళ్లీ చూడలేమే అని నా వెనక ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. నన్ను పైకి పిలిచి మైకు చేతిలో పెట్టారు. నా జన్మలో మైకు పట్టుకోవడం అదే మొదలు. మా అమ్మ చనిపోయి అప్పటికి నాలుగేండ్లు, అన్నాను. మాట ఎక్కడి నుంచో తిరిగి వచ్చింది. గోడల నుంచి. దగ్గరికి పట్టుకోవాలేమో అనుకొని మైకు నోటికి ఆనించాను. "ఇంగొకటి చెప్పల్ల. ఆ మద్దెలో వచ్చే గొంతు ఉండాదే. ఏమే, పాట నిలిచింది? అని" అన్నాను.

గోడకున్న పెట్టెల్లోంచి అదే వచ్చింది. సన్నగా. ముక్కుతో మాట్లాడినట్టు. అర్ధగంట కింద అదే పెట్టెల్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే. ఒక్క అక్షరం తేడా లేదు.

ముందువరుసలో ఒక పిల్ల చేత్తో నోరు మూసుకుంది. ఉమాదేవి తల వంచుకుంది. నేను చెప్పబోయిన మిగతా మాట ఉంది. శివప్ప పేరు నాలుక మీదే ఉంది. మైకు బల్ల మీద పెట్టేసి మెట్లు దిగాను.

బస్టాండులో హేమ నా పక్కన కూర్చుంది. నేనే అడిగాను.

"నీకు తెలుసునా?"

"ఊరందరికీ తెలుసు నాయనా. బడిలో అందరూ నిన్నే కదా చూసింది."

"మీయమ్మ?"

"అమ్మ ఎవర్నీ చెప్పనీలేదు. శివప్ప మామతో కూడా ఒట్టేయించుకున్నాది. ఒకరు చెప్తే నువ్వు నమ్మవంట. నీ గొంతు నువ్వే వినల్లనింది."

బస్సు వచ్చింది. హేమ కిటికీలోంచి నీళ్లసీసా అందించింది. తీసుకున్నాను.

ఆ మాట నేను ఆ రోజు అన్నట్టు ఇప్పటికీ గుర్తు లేదు. రోజూ అనే మాట ఎవరికి గుర్తుంటుంది. నులకమంచం మా అమ్మది. ఆమె పోయాక దాని మీద కూర్చున్నది నేను. అంతకు మించి నేను ఏమీ రాయను.

మరుసటి రోజు పొద్దున గొడ్డలి తీసుకొని పోయి దోవకు అడ్డం ఉన్న కంప కొట్టేశాను. ఎనిమిదేళ్ల కంప, వేర్లు పట్టి ఉంది. మధ్యాహ్నమైంది. శివప్ప వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. బండి ఎప్పుడో అమ్మేశాడంట. నాకు తెలియదు.

"చూసినావా?" అన్నాడు.

"చూసినా."

"ఎట్లుంది?"

"మంచి సినిమా."

"ఇంగొకసారి చూస్తావా?"

"చూడను" అన్నాను.

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. తిట్టించుకోవడానికి కూర్చుంటానని అప్పుడు అన్నాడు. ఇప్పుడు నన్ను తిట్టడానికి కూర్చున్నాడేమో అని నిలబడ్డాను. తిట్టలేదు. లేచి, కొట్టేసిన కంప కొంత చంకన పెట్టుకొని పొయ్యిలోకని తీసుకుపోయాడు, ఎనిమిదేళ్ల తర్వాత ఆ దోవన.

ఉమాదేవి మళ్లీ ఫోన్ చేసింది. బెంగళూరులో వేస్తారంట. రమ్మంది. రాను. కాలేజీల వాళ్లు, పేపర్ల వాళ్లు ఇంటికి వస్తున్నారు. ఇక రావద్దు. హేమ కూడా అడగవద్దు. నేను చెప్పాల్సింది ఆ సినిమాలో ఉంది. మూడే మాటలు. కావలసినవాళ్లు అది వినండి. దీని గురించి నేను ఇక నోరు తెరవను.